మ్యాపు కొనేముందు మన ఊరు చూడండి

సెలవులు వస్తున్నాయంటే ఇంట్లో ప్రయాణాల హడావుడి మొదలవుతుంది. ఎన్ని జతల బట్టలు సర్దాలి, పాలవాడికి చెప్పామా లేదా, తాళంచెవి ఎవరికి ఇవ్వాలి... ఇవన్నీ మన ఖాతాలోనే పడతాయి. తీరా "ఏ దారిన వెళ్దాం, మధ్యలో ఎక్కడ ఆగుదాం" అనే మాట వచ్చేసరికి మాత్రం, అదంతా ఆయన చూసుకుంటారులే, కాకపోతే డ్రైవరు చూసుకుంటాడులే అని వెనక సీట్లో సర్దుకుని కూర్చుంటాం. ఎందుకండీ అలాగ? చేతిలో ఒక మంచి అచ్చు మ్యాపు ఉంటే దారి సంగతి మనమూ చెప్పగలం.

"ఫోన్ చూపిస్తుంది కదా, ఇంకా కాగితం మ్యాపు ఏమిటి?" అని మీ అమ్మాయి నవ్వుతుంది. నవ్వనివ్వండి. బాచుపల్లి నుంచి మియాపూర్ మెట్రో స్టేషన్‌కి వెళ్ళడానికి మ్యాపు అక్కర్లేదు. బళ్ళు ఎక్కడ ఆగిపోయాయో ఫోన్ చెప్పినంత బాగా ఏ కాగితమూ చెప్పలేదు. కానీ శ్రీశైలం బయల్దేరారనుకోండి. మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్ళాక చాలాచోట్ల సిగ్నల్ అందదు. ఆ అడవి దారిలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున్న ఆరు దాకా బళ్ళను వదలరు కూడాను. అడవి ఎక్కడ మొదలవుతుంది, దానికి ముందు టిఫిను దొరికే ఆఖరి ఊరు ఏది, చీకటి పడేలోగా దాటేస్తామా అనేది చిన్న తెర మీద ఒక్క చూపులో తెలియదు. బల్ల మీద కాగితం పరిస్తే తెలుస్తుంది.

సరే, కొనాలనుకున్నారు. ఏది మంచిదో ఎలా తెలుస్తుంది? చీర కొనేటప్పుడు మడత విప్పించి, అంచు చూసి, కొంగు చూసి, వెలుతురులోకి తీసుకెళ్ళి మరీ చూస్తాం. మ్యాపు దగ్గరకొచ్చేసరికి అట్ట మీద చార్మినార్ బొమ్మ చూసి డబ్బులిచ్చేస్తాం. అది కుదరదు. మొహమాటపడకుండా విప్పి చూపించమనండి. విప్పాక మీరు వెళ్ళబోయే ఊరి కోసం వెతక్కండి. ముందు మీరు ఉన్న ఊరు వెతకండి. వెళ్ళబోయే ఊరు మనకు తెలియదు కాబట్టి అక్కడ తప్పు వేసినా పట్టుకోలేం. సొంత ఊరు మనకు కంఠతా వచ్చు కదా!

బాచుపల్లి వాళ్ళ సంగతే తీసుకుందాం. అది ఒకప్పుడు రంగారెడ్డి జిల్లా కుత్బుల్లాపూర్ మండలంలోని ఊరు. 2016 అక్టోబరులో జిల్లాలు విడదీసినప్పుడు మేడ్చల్ జిల్లాలోకి వచ్చింది, తానే ఒక మండలం కూడా అయింది. మీరు చూస్తున్న మ్యాపులో అది ఇంకా రంగారెడ్డి జిల్లా రంగులోనే ఉందా, ఆ మ్యాపు కనీసం 2016 ముందు నాటి లెక్క. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు నగరం చుట్టూ పూర్తి వలయంగా ఉందా, సగం గీత, సగం చుక్కలుగా ఉందా? మల్లంపేట దగ్గర ఎక్కి దిగే దారి వేశారా? మియాపూర్ మీదుగా వెళ్ళే ముంబై రోడ్డు మీద ఏ అంకె ఉంది? 2010లో జాతీయ రహదారుల నంబర్లన్నీ మార్చారు. ఈ ముంబై రోడ్డు, అదే అటు విజయవాడ వెళ్ళేది, అంతకుముందు 9, ఇప్పుడు 65. మేడ్చల్ మీదుగా నాగపూర్ వెళ్ళేది 7 పోయి 44 అయింది. విజయవాడ నుంచి విశాఖ వెళ్ళేది 5 పోయి 16. రోడ్డు పక్కన బోర్డు మీద 44 అని ఉండి, మీ చేతిలో కాగితం మీద 7 అని ఉంటే, సరైన దారిలో ఉండి కూడా దారి తప్పామేమో అని కంగారు పడతారు.

మిగతా ఊళ్ళవాళ్ళకూ ఇదే పరీక్ష. తెలంగాణలో 2014లో 10 జిల్లాలు. 2016లో 31 అయ్యాయి. 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. అనకాపల్లి ఇంకా విశాఖపట్నం జిల్లాలోనే కనబడితే అది పాత సరుకని వేరే చెప్పాలా? దేశం మొత్తం మ్యాపయితే లద్దాఖ్‌ను విడిగా చూపించారో లేదో చూడండి, 2019 అక్టోబరు 31 నుంచి అది వేరు. అడుగున మూలన సన్నటి అక్షరాల్లో ఏడాది ఉంటుంది. కొన్నిటి మీద రెండు ఏడాదులు ఉంటాయి: సర్వే చేసినది ఒకటి, అచ్చు వేసినది ఒకటి. మనకు సర్వే ఏడాది ముఖ్యం. నిరుడు పట్టిన పచ్చడిని ఈవేళ కొత్త సీసాలోకి ఎత్తితే అది కొత్త పచ్చడి అవుతుందా?

తర్వాత స్కేలు. ఒకటికి పది లక్షలు అని ఉంటే సెంటీమీటరుకు పది కిలోమీటర్లు. రాష్ట్రమంతా ఒక్క కాగితంలో పడుతుంది, బాచుపల్లి మాత్రం ఆవగింజంత. ఒకటికి రెండున్నర లక్షలు అంటే సెంటీమీటరుకు రెండున్నర కిలోమీటర్లు. పక్క జిల్లా ప్రయాణానికి ఇది హాయి. ఒకటికి యాభై వేలు అంటే సెంటీమీటరుకు అర కిలోమీటరు. చెరువులు, గుళ్ళు, బండిబాటలు కూడా కనిపిస్తాయి. అసలు స్కేలే లేదనుకోండి, అది గోడకు అంటించుకోవడానికి పనికొచ్చే బొమ్మ. దాన్ని నమ్మి పెట్రోలు పోయించకండి.

ఒక ప్రయాణం వేసి చూద్దాం రండి. బాచుపల్లి నుంచి మెదక్ వెళ్ళి చర్చి చూసి, అక్కణ్ణుంచి ఏడుపాయల వనదుర్గమ్మ దర్శనం చేసుకోవాలి. గండిమైసమ్మ, నర్సాపూర్, మెదక్... దారి సులువే. మీ కుట్టుమిషను డబ్బాలోంచి ఒక దారప్పోగు తీసి, మ్యాపు మీద రోడ్డు వంపులు ఎలా తిరిగితే అలా పేర్చుకుంటూ వెళ్ళండి. తర్వాత దాన్ని సాగదీసి అడుగున ఉన్న స్కేలు గీత పక్కన పెట్టి కొలవండి. దూరం మీ చేతికొస్తుంది. ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. ఏడుపాయల దగ్గర నీలం గీత ఉంది చూశారూ, అది మంజీర. ఆ గీత మీద వేలు పెట్టి ఎదురెక్కండి. ఘనపురం ఆనకట్ట, ఇంకా పైకి వెళ్తే సింగూరు ప్రాజెక్టు. వానాకాలంలో సింగూరు గేట్లు ఎత్తారంటే ఆ నీళ్ళన్నీ ఈ గుడి ముందు నుంచే పోవాలి. మంజీర పొంగితే అమ్మవారి గుడి మూసేస్తారు. ఇది ఒకసారి మ్యాపులో చూసినావిడ, పేపర్లో సింగూరు గేట్లు ఎత్తారన్న వార్త కనపడగానే, పసిపిల్లలతో బయల్దేరకుండా ప్రయాణం వాయిదా వేయమని ఇంట్లో గట్టిగా చెప్పగలదు. నదులు, చెరువులు వేయకుండా ఉట్టి రోడ్లే గీసిన మ్యాపు ఎంత నిగనిగలాడినా నేనైతే కొనను.

ఎక్కడ దొరుకుతాయంటారా? పెద్ద పుస్తకాల షాపుల్లో ప్రైవేటు కంపెనీల రోడ్డు మ్యాపులు అడగండి. అసలు మన దేశంలో మ్యాపులకు పుట్టిల్లు 1767లో మొదలైన సర్వే ఆఫ్ ఇండియా. దానికి మన ఉప్పల్‌లోనే కార్యాలయం ఉంది. ఒకటికి యాభై వేల మ్యాపులను ఆ సంస్థ ఇంటర్నెట్‌లో కూడా పెట్టింది. పిల్లల చేత తీయించి ప్రింటు వేయించుకోవచ్చు. అయితే ఒక్క జాగ్రత్త. జెరాక్స్ షాపులో కాగితానికి పట్టేలా కుదిస్తారు. అప్పుడు స్కేలు అంకె అబద్ధమవుతుంది, పక్కనున్న స్కేలు గీత మాత్రం బొమ్మతో పాటే కుదిస్తుంది కనుక నిజమే చెబుతుంది. కాబట్టి గీతనే నమ్మండి.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత మ్యాపులు చవగ్గా కనిపిస్తే ప్రయాణం కోసం కొనకండి. కానీ మీరు మన చుట్టుపక్కల ఫ్లాటు కొనే ఆలోచనలో ఉంటే, పాత సర్వే మ్యాపు కనపడితే వదలకండి సుమా! ఎక్కడ ఏ చెరువు ఎంత మేర ఉండేదో నీలం రంగులో కనిపిస్తుంది. బిల్డరు చూపించే రంగుల కాగితంలో అది ఉండదు. అంతమాత్రాన మ్యాపు చూసి సంతకం పెట్టమనడం లేదు, వకీలుకు కాగితాలు చూపించాల్సిందే. ఆయన్ని ఏం అడగాలో మాత్రం మనకు తెలుస్తుంది.

ఇక చిల్లర విషయాలు. కళ్ళజోడు తీసేసి ఊళ్ళ పేర్లు చదవండి. చదవలేకపోతే కదిలే బండిలో అసలు చదవలేరు. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే తెలుగు పేర్లున్నది చూడండి, వాళ్ళకీ కాలక్షేపం. ఊళ్ళ పట్టిక వెనకవైపు ఉందో లేదో చూసి, అందులో గండిమైసమ్మ ఉందేమో వెతికి, పక్కనున్న అక్షరం, అంకె ప్రకారం గడిలో నిజంగా దొరుకుతుందేమో షాపులోనే పరీక్షించండి. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. లామినేషన్ చేయించకండి, మళ్ళీ మడత పడదు. కొత్తగా ఉండగానే వెనకవైపు మడతల వెంబడి గుడ్డ టేపు అంటించండి, చాలా ఏళ్ళు వస్తుంది. ఆగాల్సిన చోట్లు పెన్నుతో కాకుండా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. వచ్చే ఏడాది వేరే ఊరు వెళ్ళేటప్పుడు రబ్బరుతో చెరిపేయొచ్చు.