గుర్రం ముందు గుస్సా చెల్లదు

మన ఇళ్లల్లో పిల్లాడికి గుస్సా ఎక్కువైతే మూడే ఇలాజ్‌లు. అబ్బా చెంపదెబ్బ, దాదీ నజర్ తీయడం, ఆమిల్ సాబ్ తావీజ్. నాలుగోది చెబితే "మావాడేమన్నా పాగలా?" అని ఎగబడతారు. గుర్రాల దగ్గర కొంత వఖ్త్ గడిపితే పిల్లల దిల్ కుదుటపడుతుందంటే మరీ నవ్వుతారు. "అది దౌలత్ ఉన్నోళ్ల షౌఖ్" అట!

షౌఖా? మన ఊళ్లల్లో జట్కా తోలిన సాయిబులు ఏ నవాబుల ఔలాద్? గుర్రానికి దాణా పెట్టి, మాలిష్ చేసి బతికినోళ్లు కాదూ?

సంగతి సీదాగా చెప్తా. గుర్రం వేటాడే జానవర్ కాదు, వేటకు బలయ్యే జానవర్. అందుకే కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, దాదాపు చుట్టూ కనబడుతుంది. బిగిసిన భుజం, గుంజి పట్టిన కళ్లెం, ఎగశ్వాస, అన్నీ పసిగడుతుంది. అరిస్తే చెవులు వెనక్కి వాల్చి దూరం జరుగుతుంది. 300, 400 కిలోల జానవర్‌తో జబర్దస్తీ నడవదు. అది దగ్గరికి రావాలంటే పిల్లాడే ముందు తన సాన్స్ నెమ్మది చేసుకోవాలి. సబర్ అంటే ఏందో ఒంటికి తెలిసేది అక్కడే. సవారీ కూడా అక్కర్లేదు. తోమడం, మేపడం, పక్కన నడవడం చాలు.

పోలియోతో మోకాళ్ల కింద చచ్చుబడిన డెన్మార్క్ ఔరత్ లిస్ హార్టెల్ 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో గుర్రపు స్వారీలో రజతం గెలిచింది. గుర్రంతో ఇలాజ్ అన్న మాటకు యూరప్‌లో బలం వచ్చింది ఆ తర్వాతే.

మనకైతే ఖురాన్‌లో పరుగెత్తే గుర్రాల పేరనే ఒక సూరా ఉంది, అల్ ఆదియాత్. కుస్తీలో గెలిచేవాడు కాదు, గుస్సాను గెలిచేవాడే అసలు తాఖత్ ఉన్నోడన్న హదీస్ జుమ్మా బయాన్‌లో ఎన్నిసార్లు వినలేదు? విని ఇంటికొచ్చి పిల్లాడిని కొడితే అది తర్బియతేనా?

ఇక గుర్రాన్ని మనం తలుచుకునేది బరాత్ నాడే. చెవులు పగిలే డీజే, పటాకలు, వణికే గుర్రం, దాని మీద దుల్హా. చూసే పిల్లలకు మనం నేర్పేదేంది? భయపడే జానవర్‌ను తాడేసి కట్టి తమాషా చేయడమే షాన్ అనా?

ఆడపిల్లల మాటా చెప్పాలి. వాళ్లకు గుస్సా రాదా? వస్తుంది. దాన్ని నొక్కేసి "మా బిడ్డ ఖామోష్" అని మురుస్తాం.

డాక్టర్ దవా ఆపమని నేననడం లేదు. ఇది దవాకు తోడు, బదులు కాదు. బరాత్ గుర్రాలు పెంచేటోళ్లు మన మొహల్లాల్లో ఇంకా ఉన్నారు. డీజేకు పోసే పైసల్లో కొంచెం వాళ్ల చేతిలో పెట్టండి. ఇత్వార్ పొద్దున బేటా బేటీ ఇద్దరినీ తీసుకుపోండి. మాలిక్ పక్కనుండగా చేతికి బ్రష్ ఇవ్వండి. మీరూ జర సేపు నోరు మూసుకుని నిలబడండి, అబ్బాజాన్. గుస్సా ముందు నేర్చింది మీ దగ్గరే.