జ్వరము విడిచిన తరువాత

పది దినముల క్రిందట మా రోలుగుంటలో బస్సుకొఱకు నిలుచుండగా, కూలిపనికి పోవు ఒక పెద్దామె తన కొడుకును గూర్చి చెప్పిన మాట ఈ వారమంతయు నన్ను విడువక వెంటాడుచున్నది. “జొరం తగ్గిపోనాది బాబూ, పది రోజులు బాగానే తిరిగినాడు. ఇప్పుడు కాళ్లు పట్టు నేకుండా పోనాయి. గాలి సోకినాదని పసరు రాయిస్తన్నాం” అని ఆమె చెప్పినది. ఆ కొడుకునకు ముప్పదియేండ్లయినను నిండలేదు. పాదములలో తిమ్మిరిగా మొదలై, మోకాళ్లకు ఎగబ్రాకి, అయిదవనాటికి లేచి నిలువలేని స్థితి వచ్చినదట. ఆ అయిదు దినములును తైలమర్దనముతోను, పసరుపూతతోను, ఇరుగుపొరుగువారి ఓదార్పుతోను గడచిపోయినవి. చూడవచ్చినవారిలో ఒక్కరైనను, ఈ నడుమ జ్వరముగాని విరేచనములుగాని అయినవా యని అడిగి, దానిని దీనితో ముడివేసి చూచినవారు లేరు.

మన నరములలోని పెక్కు తంతువులకు ఉల్లిపొరలవలె చుట్టలుచుట్టలుగా అల్లుకొన్న ఒక కొవ్వుపొర కలదు. వైద్యులు దానిని మయిలిన్ అందురు. అది చెక్కుచెదరక యున్నంతకాలము, మెదడునుండి వెడలిన ఆజ్ఞ సెకనుకు 50 మీటర్లకు మించిన వేగముతోనైనను పరుగిడగలదు. అది ఊడిపోయినచోట ఆ ఆజ్ఞ మందగించును, లేదా నడుమనే ఆగిపోవును. కండ చెడలేదు, ఎముక విఱుగలేదు, మనస్సు ఆజ్ఞాపించుచునే యున్నది. కాలు మాత్రము కదలదు. జేసీ వైరసువంటివి, దేహరక్షణ సన్నగిల్లినవారి మెదడులో, ఈ పొరను అల్లెడు కణములనే నేరుగా చంపును. తఱచుగా జరుగునది మాత్రము వేఱు. క్రిమిని ఎదిరించుటకై పుట్టిన రక్షకదళము, క్రిమియందలి ఒక తునకకును నరమునందలి ఒక తునకకును గల పోలికచేత భ్రమపడి, శత్రువు వెడలిపోయిన పిదప తన యింటినే కూల్చ నారంభించును. జ్వరమునకును కాళ్లు పడిపోవుటకును నడుమ ఒకటి మొదలు మూడు వారముల యెడముండుట అందువలననే. ఆ యెడమే మన జనులను మోసపుచ్చుచున్నది.

ఈ సత్యము మన దేశమునకు క్రొత్తది కాదు. బొడ్డుచుట్టు వేసెడి 14 సూదులను నా యీడువారెవరును మఱచియుండరు. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన ఆ కుక్కకాటు మందు, గొఱ్ఱె మెదడులో పెంచి చంపిన వైరసు. కూనూరు పాశ్చర్ సంస్థలోను, మన హైదరాబాదు నారాయణగూడలోని వ్యాధినివారణ సంస్థ (ఐపీఎం)లోను తయారై ఊరూర పంపిణీ యగుచుండెడిది. అది అసంఖ్యాకులను రేబిస్ మృత్యువునుండి కాపాడినదనుట నిజము. కాని అందులో చచ్చిన వైరసుతోపాటు గొఱ్ఱె మయిలినును ఉండెను. ఆ పరాయి మయిలినుపై కత్తిదూసిన దేహము, కొందఱి విషయమున, తన మయిలినునే నఱికికొన్నది. కుక్క కఱచి చావవలసినవాడు బ్రదికి, సూదివలన మంచము పట్టినాడు. న్యూయార్కులో థామస్ రివర్స్ బృందము కుందేలు మెదడు సారమును కోతులకు మరల మరల ఎక్కించి ఇట్టి వ్యాధినే పుట్టించి చూపినది 1933లో. ఈ మెదడు టీకాను మానుడని ప్రపంచ ఆరోగ్యసంస్థ గట్టిగా చెప్పనారంభించినది 1984లో. మనము మానినది 2004 చివర. ఆ యిరువదియేండ్లు, డబ్బుగలవాడు నిరపాయమైన క్రొత్త టీకాను భుజమునకు వేయించుకొనగా, పేదవాడు గొఱ్ఱె మెదడును బొడ్డుచుట్టు పొడిపించుకొనెను. దీనిని తలచినపుడెల్ల నా రక్తము మరుగును.

ఇక నేటి మాట. అమెరికా సైన్యములో కోటిమందికి పైగా యువకులను పరిశీలనలోనికి తీసికొని, ఎప్‌స్టీన్-బార్ వైరసు సోకినవారికి, మెదడు వెన్నుపాములలో మయిలినును హరించు మల్టిపుల్ స్క్లిరోసిస్ వచ్చు అవకాశము 32 రెట్లు హెచ్చునని 2022లో పండితులు తేల్చిరి. చిన్ననాడు వచ్చిన తట్టు, ఏండ్లతరబడి మెదడులో దాగి, బడికిపోవు బిడ్డను క్రమముగా మూగవానిని చేసి చంపుట కలదు. తట్టుకు టీకా ఉన్నది, వేయింపనివారే యున్నారు. 2006లో మన ఆంధ్రదేశమును కుదిపిన చికున్‌గున్యా తరువాతను నరములు చెడినవారు కనబడిరి. 2025 ఆరంభమున పూనాలో, నరములను చెఱచి కాళ్లు పడవేయు గిలాన్-బారే సిండ్రోమ్ (జీబీఎస్) ప్రబలి, ఫిబ్రవరిలో గుంటూరు సర్వజనాసుపత్రిలో ఒక స్త్రీ మరణించినపుడు మన పత్రికలన్నియు పదిదినములు కేకలువేసి ఊరకుండెను. జీబీఎస్‌కు వైరసే కారణము కానక్కఱలేదు. కలుషితాహారమువలన వచ్చు క్యాంపిలోబ్యాక్టర్ అను బాక్టీరియా అందఱికంటె పెద్ద దోషి. ఏది మూలమైనను రోగికి పట్టు గతి యొక్కటే: నలుగురిలో ఒకనికి శ్వాసకండరములు సైతము పడిపోయి యంత్రము కావలసివచ్చును, సకాలమున ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఎక్కించినచో, లేదా ప్లాస్మా మార్చినచో, పెక్కుమంది మరల నడతురు. మొదటి రెండు వారములే అమూల్యములు.

15 ఏండ్లలోపు బిడ్డకు హఠాత్తుగా కాలు పడిపోయినచో, పోలియో నిఘా పుణ్యమా యని, ఆశా కార్యకర్త మొదలు జిల్లా అధికారి వఱకు కదలుదురు. 14 దినములలోపల రెండుమార్లు మలపరీక్షకు నమూనా తీయుదురు. 2014లో మనకు పోలియోరహిత దేశమను పత్రము దక్కినది ఇట్టి శ్రద్ధవలననే. మఱి ముప్పదియేండ్లవాని కాలు కాలు కాదా? సంసారము మోయు ఆ కాలు పడిపోయినపుడు వచ్చి అడుగువారేరి? జ్వరము లెక్క వ్రాసికొనుటకు ఇంటింటికి వచ్చు ఆశా కార్యకర్త చేతనే, జ్వరము విడిచిన మూడు వారములకు మరల తలుపు తట్టించి, “తిమ్మిరెక్కుచున్నదా? మెట్లెక్కగలుగుచున్నారా?” యని రెండు ప్రశ్నలు అడిగింపవలెను. క్రొత్త యంత్రములక్కఱలేదు, క్రొత్త భవనములక్కఱలేదు.

అక్కఱయైనది ఒకటి కలదు: దారి. పసరు మాన్పించి ఆ కుఱ్ఱవానిని విశాఖపట్నము చేర్చుటకు నేనును వెంట పోతిని. భీమునిపట్నం–నర్సీపట్నం రోడ్డును బీఎన్ రోడ్డని ముద్దుగా పిలుచుకొనుటయే గాని, క్వారీ లారీలు దున్నిన ఆ గోతులలో చోడవరము చేరునప్పటికే రోగి ఊపిరి ఎగశ్వాసయైనది. తల్లి వాని తలను ఒడిలో అదిమిపట్టి, ప్రతి గోతికిని తానే మూల్గినది. గర్భిణులు ఈ దారినే పోవుదురు, పాముకాటు తగిలినవారు ఈ దారినే పోవుదురు. ఏండ్లుగా మొఱపెట్టుచున్నాము, కంకర పోయుదురు, వానకు కొట్టుకొనిపోవును, మరల కంకర పోయుదురు. నిమిషములు లెక్కించి బ్రదుకవలసిన రోగిని ఇట్టి దారిపై పంపుట నాకు సహింపరానిదిగా నున్నది. వైద్యము నగరములోనే ఉంచదలచినచో, నగరమునకు పోవు దారినైనను ఉంచవలెను గదా!

నిన్న సాయంకాలము ఆ తల్లి ఆసుపత్రినుండి ఫోను చేసినది. “నిన్నటి వరకూ నేదు బాబూ, ఈయేళ బొటనేలు కదిపినాడు” అన్నది.