పాట యెవరిది? పైక మెవరికి?

1989వ సంవత్సరపు వేసవిలో పారిసు నగరమునుండి యొక పాట వెలువడినది. దాని పేరు లంబాడా. పాడినది కయోమా అను బృందము. ఫ్రాన్సు దేశపు అమ్మకపు పట్టికలో అది 12 వారములు ప్రథమస్థానమున నిలిచినది. జర్మనీ, ఇటలీ, స్పెయిను దేశములలోను అట్లే అగ్రపీఠ మెక్కినది. బ్రెజిలు సముద్రతీరమున ఆడు జంటలను, వారి నడుమ ఒక బాలుని, ఒక బాలికను చూపు దాని చలనచిత్రము టెలివిజను ద్వారా లోకమంతట తిరిగినది. మన దేశమునకును అది రాకమానలేదు. మరుసటి యేటనే ‘ఘాయల్’ అను హిందీ చిత్రములో ఆ వరుసయే హిందీ మాటలు తొడుగుకొని వినబడినది. ఆ నాటికి ఊహ తెలిసియున్న పాఠకులకు ఆ అకార్డియను ధ్వని నేటికిని చెవులలో మ్రోగుచునే యుండును.

ఇచ్చట నొక సందేహము తీర్చి ముందునకు సాగుట మంచిది. ఈ లంబాడాకును మన లంబాడీ సోదరులకును ఏ సంబంధమును లేదు. పోర్చుగీసు భాషలో ఆ మాటకు దెబ్బ, కొరడాదెబ్బ అని యర్థము. అమెజాను నది సముద్రమున గలియు పారా రాష్ట్రమున, కరింబో అను జానపద నృత్యమును కరీబియను ద్వీపముల తాళములును కలిసి ఆ పేరుగల నృత్యము రూపొందినది. అది క్రమముగా దక్షిణమునకు దిగి బహియా తీరము చేరినది. అచ్చటి పోర్తొ సెగూరో పట్టణమున దానిని చూచిన ఇద్దరు ఫ్రెంచి వ్యవహర్తలు, ఒలివియే లోర్సాక్, జాఁ కరాకోస్ అనువారు, ఇందు ధనమున్నదని గ్రహించిరి. పారిసులో గాయకులను, వాద్యకారులను కూర్చిరి. టి.ఎఫ్. 1 అను టెలివిజను సంస్థ ఆ వేసవియంతయు పాటను ఊదరగొట్టినది. ఇట్లు జయము సిద్ధించినది.

జయముతోబాటు అలజడియు రేగినది. స్త్రీపురుషులు అంతగా నొకరినొకరు హత్తుకొని ఆడుట సభ్యతయా యని పెద్దలు ప్రశ్నించిరి. కాదన్నకొలది యువజనులకు మోజు హెచ్చినది. 1990 మార్చి నెలలో అమెరికాలో ఈ నృత్యముపై రెండు చలనచిత్రములు ఒకేదినమున విడుదల యగుటయు, అందొకటి ‘నిషిద్ధ నృత్యము’ అను అర్థమిచ్చు పేరు పెట్టుకొనుటయు ఆ నాటి వేడిని తెలుపుచున్నవి. మేము ఆ వాదములోనికి దిగబోము. మాకు తోచునది వేరొకటి. నర్తకుల నడుమును గూర్చి జరిగిన చర్చలో పదియవ వంతైనను, ఈ పాట కట్టినవా డెవడను విషయమును గూర్చి జరుగలేదు. సభ్యత చెడెనని వగచినవారు సొత్తు పోయెనని వగవలేదు.

కర్త యెవరని చూచినచో, రికార్డుపై షికో ద ఒలివెయిరా అను పేరు కానవచ్చినది. అట్టి స్వరకర్త లేడు. అది పైన చెప్పిన లోర్సాక్ ధరించిన మారుపేరు. నిజమైన కర్తలు ఆండీసు పర్వతములలో నుండిరి. బొలీవియా దేశపు కోచబాంబా ప్రాంతమువారైన ఉలీసెస్ ఎర్మోసా, గొంజాలో ఎర్మోసా అను సోదరులు లోస్ కార్కాస్ అను బృందమున ప్రముఖులు. వారు 1981లో ‘ఏడ్చుచు పోయెను’ అను అర్థమిచ్చు పేరుతో ఒక వియోగగీతమును రికార్డు చేసిరి. చరాంగో అను చిన్న తంత్రీవాద్యమును, రెల్లు పిల్లనగ్రోవులును ఆ గీతమునకు తోడు. 1984లో పెరూ దేశపు బృంద మొకటి దానిని అకార్డియనుపై వేగముగా వాయించినది. 1986లో మార్సియా ఫెరెయిరా అను బ్రెజిలు గాయని అనుమతి పొంది పోర్చుగీసు మాటలతో పాడినది. పారిసువారు ఈ అకార్డియనును, ఈ పోర్చుగీసు మాటలను, ఆ బొలీవియా స్వరమును కలిపి తీసికొనిరి. స్వరము మారలేదు, మాటలు మారలేదు. కర్త పేరు మాత్రము మారినది. ఏడ్చుచు పోయిన దెవరో గాని, నవ్వుచు పోయినవారు వ్యాపారులు!

ఎర్మోసా సోదరులు ఊరకుండలేదు. న్యాయస్థానము నాశ్రయించిరి. కర్తృత్వము వారిదేయని తేలి, వారికి రావలసిన పైకమును ఇవ్వవలసివచ్చినది. ఉలీసెస్ 1992లో మరణించెను. 2011లో అమెరికా గాయని జెన్నిఫర్ లోపెజ్ ‘ఆన్ ద ఫ్లోర్’ అను పాటలో అదే వరుసను వాడినప్పుడు, రచయితల పట్టికలో ఆ సోదరుల యిరువుర పేర్లును ముద్రింపబడినవి. అదియు లోకము నాడించిన పాటయే. పేరు ముద్రించినందున దాని విజయమున కేలోటును రాలేదు. కర్తను గౌరవించినచో కళాసంచారము ఆగిపోవునని వాదించువారికి ఇంతకన్న మించిన సమాధాన మేమి కావలయును?

సంగీతమునకు ఎల్లలు లేవనియు, వరుసలు గాలివలె సంచరించుననియు కొందరందురు. ఇది పూర్వపక్షము. సంచరించుటను మేము కాదనము. మన ముత్తుస్వామి దీక్షితులవారే ఆంగ్లేయుల బ్యాండు వరుసలకు సంస్కృత సాహిత్యమును కూర్చిరి. అయితే ఆ కృతులను సంప్రదాయము నొట్టుస్వరములని పిలుచుచున్నది. ఆ ‘నొట్టు’ ఆంగ్లేయుల ‘నోటు’ నుండి వచ్చినదే. అనగా అప్పు తెచ్చిన సంగతి పేరులోనే చెప్పుకొనుచున్నది. సంచారమునకును చౌర్యమునకును గల భేద మిదియే. బ్రెజిలు గాయని అడిగినది. పారిసు వ్యవహర్తలు అడుగలేదు.

ఎర్మోసా సోదరులకు తమ హక్కును రుజువు చేసికొనుటకు రికార్డుండినది. అట్టి రుజువు లేని పల్లెపాటల గతి యేమి? ఈ ప్రశ్నను బొలీవియా ప్రభుత్వము అంతకు మునుపే, 1973 ఏప్రిలులో, యునెస్కోకు వ్రాసిన లేఖలో లేవనెత్తినది. జానపదుల స్వరములను సంబంధము లేనివారు తమవని చెప్పుకొని హక్కులు పొందుచున్నారనియు, కర్త పేరు తెలియని కళకు చట్టమున రక్షణ లేదనియు ఆ లేఖలోని మొర. అమూర్త సాంస్కృతిక సంపద రక్షణకై ఒడంబడిక కుదురుటకు 2003 వరకు పట్టినది. ముప్పదియేండ్లు! అదియైనను సంపదను కాపాడుమనునే గాని, పాడిన ముసలమ్మ చేతిలో పైకము పెట్టదు.

పరుల యింటి దొంగతనమును నిందించుట సులభము. మన యింటి మాట యేమి? మన దేశమున 2012లో కాపీరైటు చట్టమును సవరించిరి. చిత్రమునకు పాట నిచ్చిన కవియు స్వరకర్తయు, సినిమాహాలు ప్రదర్శన తప్ప తక్కిన వాడుకలపై వచ్చు రాయల్టీలో తమ సమభాగమును వదలుకొనజాలరని అందు శాసించిరి. మేలైన శాసనమే. కాని కర్త తెలియని పాటకు ఆ భాగ మెవరికి చెందవలయును? 2021లో ‘లవ్ స్టోరీ’ చిత్రమునకై విడుదలైన ‘సారంగ దరియా’ పాటకు తెలుగు లోకమంతయు ఆడినది. అది జానపదుల నోటినుండి వచ్చిన పాటకు సుద్దాల అశోక్ తేజ కూర్చిన రూపము. అంతకుముందే దానిని టెలివిజనులో పాడి వెలుగులోనికి తెచ్చితినని ఒక జానపద గాయని ముందునకు వచ్చినది. దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమె పేరు ప్రకటించుటకును, ప్రతిఫల మిచ్చుటకును అంగీకరించెను. వివాద మట్లు సమసినది. సంతోషమే. కాని ఆమె గొంతు విప్పియుండనిచో? న్యాయము గొంతెత్తినవారికే దక్కుచు, ఎత్తనివారికి దక్కకుండుట న్యాయమగునా?

చిత్రనిర్మాతలకును, రికార్డు సంస్థలకును మా మనవి యొక్కటే. పల్లెపాటను తీసికొనునప్పుడు ఎవరి నోట వింటిరో, ఏ యూరిలో వింటిరో పాట పేరు ప్రక్కనే ప్రకటింపుడు. లాభములో నొక పాలు ఆ గాయకునికో, ఆ యూరికో ముందుగానే తీసియుంచుడు. ఇందుకు కొత్త చట్టము వచ్చువరకు వేచియుండ నక్కరలేదు, సిగ్గు చాలును. పాఠకులకును కొంత పని కలదు. ఆడించు పాట విన్నప్పుడు ఆడుడు, మేము వారింపము. ఆట ముగిసి చెమట తుడుచుకొనునప్పుడు మాత్రము ‘ఇది యెవరు కట్టిన పాట?’ అని యొక్కసారి యడుగుడు. 1989లో ఆ ప్రశ్నను కోటిమంది అడిగియున్నచో, మారుపేరు ఒక్క వారమైనను నిలిచెడిది కాదు.