దత్తత ఉత్తర్వు జడ్జి ఇవ్వాల్సిందే

విదేశాలకు దత్తత వెళ్లే బిడ్డ విషయంలో కోర్టు విచారణ వట్టి లాంఛనమనీ, కాలయాపన అనీ దాదాపు అందరూ అంటున్నారు. కేంద్ర దత్తత వనరుల సంస్థ (కారా) అనుమతి వచ్చాక జడ్జి కొత్తగా చూడాల్సిందేముందని అడుగుతున్నారు. పార్లమెంటు కూడా ఆ మాటే నమ్మింది. 2021లో జువెనైల్ జస్టిస్ చట్టాన్ని సవరించి, దత్తత ఉత్తర్వులిచ్చే అధికారాన్ని కోర్టుల నుంచి తీసి కలెక్టర్లకు అప్పగించింది. 2022 సెప్టెంబరు 1న అది అమల్లోకి వచ్చింది.

ఇది తప్పు.

ముందు ఆలస్యం సంగతి. 2018 జూలై నాటికి దేశమంతటా కోర్టుల్లో పెండింగులో ఉన్న దత్తత కేసులు 629. ఏడు వందలకు పైగా జిల్లాలున్న దేశంలో ఇది జిల్లాకు ఒక్కటి కూడా కాదు. పైగా 2015 నాటి ఆ చట్టం కోర్టుకు పెట్టిన గడువు రెండు నెలలు. కలెక్టరుకు పెట్టిందీ అంతే. గడువు దాటుతున్న కోర్టులను హైకోర్టులు గట్టిగా అడిగితే సరిపోయేది. అది వదిలేసి ఎన్నికలు, వరదలు, ధాన్యం కొనుగోళ్లు, భూసేకరణతో ఊపిరాడని అధికారి బల్ల మీదికి ఫైలు నెట్టారు.

ఇంతకన్నా పెద్ద లోపం ఇంకొకటుంది. బిడ్డను దత్తతకు ఇవ్వవచ్చని ప్రకటించేది బాలల సంక్షేమ కమిటీ. క్షేత్రస్థాయిలో పని నడిపేది జిల్లా బాలల పరిరక్షణ విభాగం. ఈ రెండింటి పనితీరు చూసే బాధ్యత కూడా కలెక్టరుదే. తమ పర్యవేక్షణలో తయారైన ఫైలులో తామే తప్పు పట్టుకోవాలంటే ఎంతమందికి సాధ్యం? చట్టంలోని 61వ సెక్షన్ ఉత్తర్వుకు ముందు మూడు సంగతులు తేల్చుకోమంటుంది. ఇది బిడ్డ మేలుకేనా, ఊహ తెలిసిన బిడ్డయితే ఇష్టం కనుక్కున్నారా, ఎక్కడైనా డబ్బు చేతులు మారిందా.

ఆ మూడో ప్రశ్న ఎంత అవసరమో తెలుగునేలకు చెప్పనక్కర్లేదు. 1999లో, మళ్లీ 2001లో నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతపు లంబాడా తండాల ఉదంతం బయటపడింది. పేదింటి ఆడశిశువులను కొద్దిపాటి డబ్బుకు కొని, హైదరాబాదులోని దత్తత సంస్థలకు చేరవేశారు.

అప్పుడూ కోర్టులున్నాయి కదా, ఏం ఆపాయి అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. సంస్థ పెట్టిన కాగితాలనే నమ్మిన చోట కోర్టు కూడా మోసపోతుంది. అందుకే 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు, దత్తతతో సంబంధం లేని సంస్థ చేత ప్రతి దరఖాస్తునూ పరిశీలన చేయించమంది. ఆ పరిశీలనకు పదును పెట్టాల్సింది పోయి, విచారణనే ఎత్తేయడం ఎలా సబబు?

కోర్టు ఉత్తర్వు విలువ అమెరికా అనుభవంలోనూ కనిపిస్తుంది. ఆ తీర్పు తర్వాత చాలా ఏళ్లు మన జిల్లా కోర్టులు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద విదేశీ దంపతులకు సంరక్షకత్వం మాత్రమే ఇచ్చేవి. దత్తత వాళ్ల దేశంలోని స్థానిక కోర్టులో పూర్తి కావాల్సి ఉండేది. 2001 ఫిబ్రవరి 27 నుంచి అమెరికాలో అమలైన చట్టం ప్రకారం, అలా వెళ్లిన బిడ్డకు అక్కడ దత్తత పూర్తయితేనే పౌరసత్వం. అప్పటికే పద్దెనిమిది నిండినవాళ్లకు ఆ రక్షణా లేదు. బిడ్డ ఇల్లు చేరింది చాలనుకున్న పెద్దల అశ్రద్ధకు పిల్లలు శిక్ష అనుభవించారు. చిన్నప్పుడు ఇక్కడి నుంచి దత్తత వెళ్లి, ఇద్దరు బిడ్డల తల్లి అయిన ఒక మహిళను, పౌరసత్వం లేదన్న కారణంతో, నేరశిక్ష తర్వాత 2008లో భారత్‌కు పంపేశారు. అక్కడే పుట్టిన బిడ్డయితే శిక్షతో సరిపోయేది.

2023 జనవరిలో బాంబే హైకోర్టు కలెక్టర్లకు కేసుల బదిలీని మధ్యంతరంగా ఆపింది. పార్లమెంటు ఇప్పటికైనా ఈ అధికారాన్ని, కనీసం విదేశీ దత్తతల వరకు, జిల్లా కోర్టులకు తిరిగివ్వాలి. ప్రతి జిల్లా కోర్టూ నెలకో రోజు వీటికే కేటాయించాలి. ఊహ తెలిసిన బిడ్డతో జడ్జి తన గదిలో, ఏజెన్సీ మనుషులెవరూ లేకుండా మాట్లాడాలి. తండా పిల్లయితే లంబాడాల భాష గోర్‌బోలి వచ్చిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవాలి.