పట్టినవాడి లెక్కలో విసిరినవాడి వాటా

అమెరికన్ ఫుట్‌బాల్‌లో వైడ్ రిసీవర్‌కు విలువ కట్టేటప్పుడు ముందుగా చూసేది అతను పట్టిన బంతులు, సాధించిన గజాలు, టచ్‌డౌన్లు. జీతాల బేరం కూడా చాలావరకు వాటి చుట్టూనే తిరుగుతుంది. అంకెలన్నీ అతని పేరు మీదే ఉంటాయి గానీ, వాటిలో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ వాటా తక్కువేమీ కాదు. ఆ వాటా తీసి పక్కన పెట్టకుండా రిసీవర్‌కు మార్కులు వేయడం అన్యాయం.

ర్యాండీ మాస్ సంగతే చూడండి. 2006లో ఓక్లాండ్ రైడర్స్ తరఫున 553 గజాలు, 3 టచ్‌డౌన్లు. ఇక ఇతని పని అయిపోయిందన్నట్టు, కొత్త ఆటగాణ్ని ఎంచుకునే నాలుగో రౌండ్ డ్రాఫ్ట్ అవకాశం ఒక్కటి పుచ్చుకుని వదిలేశారు. మరుసటి ఏడాది న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్‌లో టామ్ బ్రేడీ విసురుతుంటే 1,493 గజాలు, 23 టచ్‌డౌన్లు. ఒక సీజన్‌లో అన్ని టచ్‌డౌన్ క్యాచ్‌లు ఇంకెవరూ పట్టలేదు. ఓక్లాండ్‌లో మాస్ మనసు పెట్టి ఆడలేదనీ, జట్టుతోపాటు కోచ్, వ్యూహం కూడా మారాయనీ అంటారు. కావచ్చు. మరి 2008 మాటేమిటి? అదే జట్టు, అదే ప్రధాన కోచ్. తొలి మ్యాచ్‌లోనే బ్రేడీ మోకాలు దెబ్బతింది, మ్యాట్ క్యాసెల్ దిగాడు. మాస్ 1,008 గజాలకు, 11 టచ్‌డౌన్లకు పడిపోయాడు. ఒక్క ఏడాదిలో అతని కాళ్లు చచ్చుబడ్డాయని ఎవరూ అనరు కదా!

కిటుకంతా సమయంలో ఉంది. రిసీవర్ పది పన్నెండు గజాలు పరుగెత్తి పక్కకు తిరిగేలోపే మంచి క్వార్టర్‌బ్యాక్ బంతి వదిలేస్తాడు. ఇతను తల తిప్పేసరికి అది ఛాతీ ముందుంటుంది. కాస్త ఆలస్యమైతే డిఫెండర్ చెయ్యి అడ్డొస్తుంది. బంతి వెనగ్గా వస్తే, ఒళ్లు మెలితిప్పి పట్టినా పరుగు ఆగిపోతుంది. క్యాచ్ లెక్కకెక్కుతుంది, ఆపైన రావలసిన గజాలు గాల్లో కలిసిపోతాయి. డిఫెండర్‌ను బోల్తా కొట్టించి ఒంటరిగా నిలబడ్డా బంతే రాకపోతే, ఆ కష్టానికి స్కోరు పట్టికలో గడే లేదు.

గొప్పవాడు ఎవరు విసిరినా రాణిస్తాడనే వాదానికి డిఆండ్రే హాప్కిన్స్ గట్టి సాక్షి. 2015లో హ్యూస్టన్ టెక్సన్స్‌కు నలుగురు క్వార్టర్‌బ్యాక్‌లు మారినా 1,521 గజాలు చేశాడు. అయితే ఆ ఏడాది అతనివైపు 192 సార్లు బంతి విసిరారు. నాణ్యతలోని లోటును సంఖ్య పూడ్చింది. మరుసటి ఏడాది బ్రాక్ ఆస్వైలర్ వచ్చాక అదే హాప్కిన్స్ 954 దగ్గర ఆగాడు. పోనీ, తగ్గుదలను వయసు మీదికి నెడదామంటే లారీ ఫిట్జెరాల్డ్ ఒప్పుకోనివ్వడు. అరిజోనా కార్డినల్స్‌లో కర్ట్ వార్నర్ ఉండగా, 2008లో 1,431 గజాలు. వార్నర్ రిటైరయ్యాక, క్వార్టర్‌బ్యాక్ పని నలుగురి చేతులు మారిన 2012లో 798. అప్పటికి అతనికి 29 ఏళ్లే. 32 ఏళ్లప్పుడు, 2015లో, కార్సన్ పామర్ విసురుతుంటే మళ్లీ 1,215.

ఇప్పుడు ఈ ఆటకు అమెరికాలోని ప్రధాన లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లో ఆటగాళ్ల భుజకవచాల్లో చిప్‌లున్నాయి. బంతి రానప్పుడు కూడా రిసీవర్ డిఫెండర్‌కు ఎంత దూరంలో ఉన్నాడో కొలవచ్చు. జీతం బేరమాడేటప్పుడు జట్లు గజాలకన్నా ముందు ఆ దూరాన్ని బల్ల మీద పెట్టాలి.