విక్రాంత్ నాణెం: కొనేదా, ఇచ్చేదా?



పోయిన నెల మన సంఘం సమావేశంలో తేలకుండా మిగిలిపోయిన ఒక విషయం మీద మేం నలుగురం కూర్చుని మాట్లాడుకుని ఇది రాస్తున్నాం. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

డిసెంబర్ 4 నౌకాదళ దినోత్సవం. ఆ రోజు మన బీదర్ తెలుగువాళ్లలో ఉన్న మాజీ సైనికులను పిలిచి సత్కరించాలన్నది అందరం ఒప్పుకున్నదే. పేచీ అంతా జ్ఞాపిక దగ్గర వచ్చింది. ఎప్పుడూ ఇచ్చే శాలువా, షీల్డు ఈసారి వద్దనీ, ఆన్‌లైన్‌లో ఐఎన్‌ఎస్ విక్రాంత్ బొమ్మతో దొరుకుతున్న చాలెంజ్ కాయిన్లు తెప్పిద్దామనీ మన కుర్రవాళ్లు అన్నారు. ఒకబ్బాయి నమూనాగా ఒకటి తెచ్చాడు కూడా. అరచేతిలో ఇమిడే బిళ్ల, ఒకవైపు ఓడ, రెండోవైపు అది సేవలో ఉన్న సంవత్సరాలు. చూడటానికి ముచ్చటగానే ఉంది.

ఆ బిళ్ల చేతులు మారుతూ ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లింది. విశాఖలో నౌకాదళంలో పనిచేసి రిటైరై, కొడుకు ఉద్యోగం వల్ల ఇక్కడికి వచ్చినవారు. కళ్లజోడు సర్దుకుని, తిప్పి తిప్పి చూసి, "బాగుంది నాయనా, ఇది నీకు ఎవరిచ్చారు?" అని అడిగారు. "కొన్నాను తాతగారూ" అన్నాడు మనవాడు. "ఓహో" అని తిరిగి ఇచ్చేశారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. మా వాదనంతా ఆ ఒక్క ప్రశ్న మీదే నిలబడి ఉంది.

చాలెంజ్ కాయిన్ అనేది అమెరికా సైన్యంలో బాగా పాతుకుపోయిన అలవాటు. అది జీతమూ కాదు, పతకమూ కాదు. మంచి పని చేసినవాడికి పై అధికారి కరచాలనం చేస్తూ, ఆ చేతిలోనే గుట్టుగా పెట్టే బిళ్ల. తోటివాళ్లు ఎప్పుడైనా "నీ నాణెం ఏదీ?" అని సవాలు చేస్తే తీసి చూపించాలి. లేనివాడు ఆ పూట అందరి పానీయాల డబ్బూ కట్టాలి. ఆ పేరు అలా వచ్చిందే. ఇచ్చిన చెయ్యి ఎవరిదో, ఎందుకిచ్చారో తెలిస్తేనే దానికి విలువ. ఆ రెండూ లేకపోతే మిగిలేది రంగు వేసిన లోహం ముక్క.

ఇక విక్రాంత్ సంగతి. మనకు సముద్రం లేదు కాబట్టి ఓడతో మనకేం పని అని ఒకరు అన్నారు. మన నెత్తి మీద రోజూ తిరిగే హాక్ విమానాల రకమే విశాఖలోని ఐఎన్‌ఎస్ దేగలో నౌకాదళ పైలట్లకూ శిక్షణ ఇస్తోంది. కాబట్టి మరీ అంత దూరపు చుట్టరికమేమీ కాదు. పైగా 1971లో విక్రాంత్ పోరాడింది మన తూర్పు తీరం వైపునే. నాలుగు బాయిలర్లలో ఒకటి దెబ్బతిని, పూర్తి వేగం అందుకోలేని స్థితిలో ఆ ఓడ యుద్ధానికి వెళ్లింది. డిసెంబర్ 4న దాని మీద నుంచి లేచిన సీహాక్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేశాయి. దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఆ ముందు రాత్రే విశాఖ దగ్గర మునిగింది. 2017లో వచ్చిన సినిమా పుణ్యమా అని ఈ చివరి ముక్క మన పిల్లలకూ తెలుసు.

మరి ఆ ఓడను మనం ఏం చేసుకున్నాం? 1961లో నౌకాదళంలో చేరిన విక్రాంత్ 1997లో విరమించింది. కొన్నేళ్లు ముంబైలో మ్యూజియంగా ఉంది. 2012లో అదీ మూతపడింది. 2014లో తుక్కు కింద అమ్మేశారు. ఆ ఉక్కులో కొంత 2016లో ఒక మోటార్ సైకిల్ పెట్రోలు ట్యాంకులోకి చేరింది. తర్వాత విరాట్ వంతు వచ్చింది. 2017లో విరమించిన ఆ ఓడను విశాఖలో మ్యూజియంగా నిలుపుదామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముందుకొచ్చింది కానీ పని జరగలేదు. 2020లో అది గుజరాత్‌లోని అలంగ్ చేరి ముక్కలైంది. విశాఖ బీచ్‌లో కురుసుర జలాంతర్గామి దక్కింది, అదొక్కటే సంతోషం. ఇంత పెద్ద ఓడను నిలబెట్టుకోవాలంటే ఏటేటా ఖర్చే, ఆ ఇబ్బంది మాకూ అర్థమవుతుంది. కానీ అసలు ఓడలను పోగొట్టుకుని, వాటి బొమ్మలున్న బిళ్లలు కొనుక్కుని దేశభక్తి తీరిందనుకుంటే అది మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే.

కుర్రవాళ్ల మాటలో న్యాయం లేదని మేం అనడం లేదు. శాలువా బీరువాలోకి పోతుంది, షీల్డు అటక ఎక్కుతుంది. నాణెం జేబులో ఉంటుంది, మనవడు అడుగుతాడు, తాత చెబుతాడు. 2022లో కొచ్చిలో కొత్త విక్రాంత్ సేవలో చేరినప్పుడు టీవీలో చూసిన పిల్లలకు పాత విక్రాంత్ ఒకటుండేదని చెప్పడానికి అదొక సాకు. అందుకే నాణెం వద్దని మేం అనం. కొన్న నాణెం వద్దంటున్నాం. ఆ ఓడలో ఎప్పుడూ పనిచేయని మనిషికి ఆ ఓడ బిళ్ల ఇస్తే అది సత్కారం ఎలా అవుతుంది? ఇంకో చిక్కు కూడా ఉంది. ఇలాంటి బిళ్లల మీద చాలాసార్లు మూడు సింహాల ముద్ర ఉంటుంది. జాతీయ చిహ్నాన్ని ఇష్టమొచ్చినట్టు వాడకూడదని 2005 నాటి చట్టం ఉంది. సంఘం పేరుతో పంచేముందు ఆ సంగతి చూసుకోవాలి.

మరేం చేద్దాం అంటే, బీదర్‌లో ఉండి లోహపు బిళ్ల కోసం బయట వెతకడం ఏమిటి? బజార్లో దొరికే బిళ్లల్లో చాలా భాగం జింకు మిశ్రమం పోతపోసినవే. మన బిద్రీ కూడా జింకే, సుమారు 16 పాళ్లకు ఒక పాలు రాగి. తేడా అంతా చేతిలో ఉంది. పోతపోసి, నున్నగా రాకి, ఉలితో గీసి, ఆ గీతలో వెండి తీగ కొట్టి, చివర నవాసారంతో కలిపిన కోట మట్టి పట్టిస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మెరుస్తుంది. ఇదే కళకు మన ఊరి షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఒక చిన్న బిద్రీ బిళ్ల, ఒకవైపు ఆ మనిషి పేరు, పనిచేసిన దళం, సంవత్సరాలు, రెండోవైపు మన సంఘం పేరు. ఓడలో పనిచేసినవారికైతే ఆ ఓడ పేరు.

ఖర్చు ఎక్కువవుతుంది, నిజమే. అందుకే లెక్క తగ్గిద్దాం. సేవ చేసినవారికి, వారిలో లేనివారి ఇంటివాళ్లకు మాత్రమే. కమిటీ సభ్యులకు వద్దు, చందాదారులకు వద్దు, ముఖ్య అతిథికీ వద్దు. ఈ మాటకు కొందరికి కోపం వస్తుందని తెలుసు. అందరికీ పంచితే మళ్లీ అది షీల్డే అవుతుంది.

ఇంకొక్క పని. బిళ్ల చేతిలో పెట్టేముందు ప్రతి ఒక్కరి దగ్గరా ఒక గంట కూర్చుని వాళ్ల అనుభవం రికార్డు చేద్దాం. 1971లో ఇరవై ఏళ్లున్నవారికి ఇప్పుడు డెబ్బై దాటాయి. ఈ పనికి డబ్బు అక్కర్లేదు, ఒక ఫోను చాలు. కానీ వాయిదా వేస్తే ఎంత డబ్బు పెట్టినా తర్వాత దొరకదు. ఫోను పట్టుకోవడానికి మన కుర్రవాళ్లే కావాలి.

వచ్చే సమావేశానికి అందరూ రండి. మా మాట నచ్చకపోతే అక్కడే చెప్పండి, వింటాం. ఏం తేల్చినా సరే, డిసెంబర్ 4న ఆ పెద్దాయన చేతిలో మనం పెట్టబోయే దాన్ని చూసి ఇంట్లో మనవడు "ఇది నీకు ఎవరిచ్చారు తాతా?" అని అడిగితే, ఆయన తడుముకోకుండా జవాబు చెప్పగలగాలి.