జూబిలీ వేళ మన బాకీ

మఠకన్యలు తొలి మాటపట్టు స్వీకరించి 25 సంవత్సరాలు నిండితే రజతోత్సవం, 50 నిండితే స్వర్ణోత్సవం, 60 నిండితే వజ్రోత్సవం జరుపుకోవడం కథోలిక సభలలో ఆనవాయితీ. ఆనాడు గుడిలో దివ్యబలిపూజ, మాటపట్టు పునరుద్ధరణ, పిదప సభ, శాలువా, పూలదండ, విందు. మరునాటి ఉదయం ఆరోగ్యం సహకరించినంతవరకు ఆ సిస్టరమ్మ యథాప్రకారం బడికో, ఆసుపత్రికో బయలుదేరుతుంది. లోకం ఉత్సవాన్ని చూసి హర్షిస్తుంది. మేము ఆ మరునాటిని గురించి నాలుగు మాటలు విన్నవించదలచాము.

ఉర్దూ, తెలుగు భాషలు రెండింటినీ అక్కున చేర్చుకున్న ఈ సంచికలో క్రైస్తవ సన్యాసినుల ప్రసక్తి ఏల అని కొందరు మిత్రులు అడగవచ్చు. తెలుగులో సేవ అన్నా, ఉర్దూలో ఖిద్మత్ అన్నా భావం ఒక్కటే. పొరుగింటి దీపం మన వాకిట్లో కూడ వెలుగు పరచినప్పుడు ఆ సంగతి ఒప్పుకోవడం మర్యాద. అంతకు మించి, సంఖ్యలో స్వల్పులైనవారు విద్యాసంస్థలను ఎట్లు నిలబెట్టగలిగారో తెలుసుకోవడం మైనారిటీ కళాశాలకు అవసరం కూడ.

ఈ కథకు మూలం మనకు దూరాన లేదు. 2022లో జిల్లాల విభజన జరిగిన పిమ్మట క్రోసూరు పల్నాడు జిల్లాలో చేరింది, ఫిరంగిపురం గుంటూరు జిల్లాలోనే నిలిచింది. జిల్లాలు వేరైనా, చేలలో పండే మిరప, పత్తి ఒక్కటే. ఇళ్ళలో ఆడపిల్లల కష్టసుఖాలూ ఒక్కటే. ఆ ఫిరంగిపురంలో 1822లో జ్ఞానమ్మ జన్మించింది. వివాహమై, బిడ్డల తల్లియై, భర్తను కోల్పోయిన ఆ ఇల్లాలు నేటి తమిళనాడులోని కీలచేరిలో 1863లో ఆడపిల్లలకు బడి పెట్టింది. వితంతువు వాకిలి దాటడమే తప్పుగా ఎంచిన కాలమది. ఆ బడి నుండి పునీత అన్నమ్మ కన్యల సభ ఒకటి పుట్టింది. 1874లో ఫిరంగిపురంలో మరొకటి వెలసింది. జ్ఞానమ్మ ఆ సంవత్సరాంతంలోనే కన్నుమూసింది. ఆమె నాటిన మొక్క మాత్రం నూటయాభై ఏండ్లు దాటి నిలిచింది.

ఇటువంటి ధైర్యం ఒక మతానికే సొత్తు కాదు. భర్త మరణించిన పిమ్మట బేగం రుకయ్యా సఖావత్ హుస్సేన్ 1911లో కలకత్తాలో ఎనిమిది మంది బాలికలతో పాఠశాల నడపనారంభించింది. ఇద్దరూ వితంతువులే, ఇద్దరూ తమ దుఃఖాన్ని పరుల పిల్లల చదువుగా మార్చినవారే. ఒకరు జపమాల తిప్పారు, మరొకరు నమాజు చేశారు. పలక పట్టిన పిల్లకు ఆ భేదంతో పని లేదు.

వైద్యరంగంలో మరొక ఉదాహరణ మన గుంటూరులోనే ఉన్నది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో వైద్యురాలిగా స్థిరపడిన మేరీ గ్లౌరీ 1915లో ఒక చిన్న పుస్తకం చదివింది. రావల్పిండిలో స్త్రీల ఆసుపత్రి నెలకొల్పిన డాక్టర్ ఆగ్నెస్ మెక్‌లారెన్ గాథ అది. పరదాలోని స్త్రీలు పురుష వైద్యుని ఎదుటికి రాలేక ప్రాణాలు పోగొట్టుకుంటున్న సంగతి మేరీ గ్లౌరీ మనస్సును కదిలించింది. 1920లో ఆమె గుంటూరు చేరి యేసు మరియ యోసేపు సభలో ప్రవేశించింది. ఆ రోజులలో సన్యాసినులు వైద్యవృత్తి చేయడానికి సభా నియమాలు అంగీకరించేవి కావు. అందుకు పోపు 15వ బెనెడిక్టు ప్రత్యేక అనుమతి అవసరమైంది. ప్రసూతి వైద్యంపై సన్యాసినులకున్న నిషేధం 1936లో గాని తొలగలేదు. ఆమె కృషితో చిన్న వైద్యశాల సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిగా పెరిగింది. స్థానిక యువతులకు మంత్రసాని పని, మందులు కలిపే పని నేర్పింది. 1943లో భారత కథోలిక ఆసుపత్రుల సంఘానికి పునాది వేసింది. 1957లో బెంగుళూరులో తనువు చాలించింది. పరదా చాటు స్త్రీల వేదనతో మొదలైన ఈ కథ మా ఇండ్లకు పరాయిది ఎట్లు కాగలదు?

ఏబది సంవత్సరాలంటే 18,000 పైచిలుకు దినాలు. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అను మూడు మాటలను ఇన్ని దినాలు నిలుపుకోవాలి. తన జీతం తనది కాదు. తాను పని చేసే ఊరు తన ఇష్టాన్ని బట్టి వచ్చింది కాదు. అక్షరాలు నేర్పిన పిల్లలు పెద్దవారై వెళ్ళిపోతారు, బదిలీ ఉత్తరువు వస్తే తానూ వెళ్ళిపోతుంది. శాలువా కప్పినప్పుడు మనం గౌరవించవలసినది ఒక గొప్ప దినాన్ని కాదు, పేరు లేని ఆ వేల దినాలను.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినిపిస్తుంది. పట్టణాలలో కాన్వెంటు బడులు ఫీజులు దండిగా వసూలు చేస్తున్నవి, పేదవానికి అందులో చోటెక్కడ అని. ఈ ప్రశ్న న్యాయమైనదే, దానిని దాచనక్కరలేదు. పేద ఆడపిల్ల కొరకు తెరచిన తలుపు ఆమెకే మూసుకొనిపోతే ఏ ఉత్సవమూ ఆ లోటు పూడ్చదు. అయితే ఆ కొలబద్దను మనపై మనం పెట్టుకోకుండా ఇతరులపై పెట్టడం ధర్మం కాదు. మైనారిటీ హక్కు పేర నడిచే ఏ సంస్థ అయినా ఏటేటా తన హాజరు పట్టిక తెరచి, కడు పేద ఇంటి ఆడపిల్లలు ఎందరున్నారో లెక్క చూసుకోవాలి. మిరప కోతల రోజులలో మా పల్లెల బడులలో బాలికల వరుస పలచబడడం అందరమూ ఎరిగినదే.

కమిటీ పెద్దలకు సవినయంగా మరొక మాట. సన్యాసిని పేదరికాన్ని తానై కోరి స్వీకరించింది. ఇంటి అద్దె కట్టి, పిల్లలను సాకవలసిన అధ్యాపకురాలు అట్టి మాటపట్టు ఏదీ చేయలేదు. సేవ అన్న పవిత్రమైన మాట చాటున ఆమె వేతనం కోయడం సేవ కానేరదు. త్యాగాన్ని ఎదుటివానినుండి కోరరాదు. తన నుండి మాత్రమే ఇవ్వాలి.

తోటి విద్యార్థులకు కూడ ఒక పని ఉన్నది. జూబిలీ నాడు దండ వేసి వచ్చేయక, మీ ఊరిలో పనిచేసిన వృద్ధ సిస్టరమ్మ, వృద్ధ ఉస్తానీ, వృద్ధ పంతులమ్మ ఎవరున్నా వారి సమ్మతితో జ్ఞాపకాలు వ్రాసి పెట్టండి. మన అమ్మలకు, అమ్మమ్మలకు సంతకం నేర్పినవారు వారే. వారు పోయినాక ఆ చరిత్ర చెప్పేవారు ఉండరు.

దండలోని పూలు సాయంత్రానికి వాడిపోతాయి. బడి మానిన ఒక్క బాలిక చేయి పట్టి మరునాడు తిరిగి తరగతికి తీసుకొనివస్తే, ఆ జూబిలీ మనది కూడ అవుతుంది. అంతవరకు బాకీ తీరలేదనే మా అభిప్రాయం.